అసైన్‌మెంటూ పోలికా: రెండు ఆపరేటర్లు, ఒకే హామీ

మన ఇంజనీరింగ్ కళాశాలల్లో ఆపరేటర్ ఓవర్‌లోడింగ్ (+, = వంటి గుర్తులు మన సొంత క్లాసులకు ఏం చేయాలో మనమే రాయడం) పాఠం మొదలైందంటే బోర్డు మీదికి సంకీర్ణ సంఖ్యల క్లాసు రావలసిందే. రెండు సంకీర్ణ సంఖ్యలను + తో కూడి చూపిస్తారు, ఏయే ఆపరేటర్లను ఓవర్‌లోడ్ చేయడానికి వీల్లేదో ఒక జాబితా వల్లె వేయిస్తారు, పరీక్షల్లోనూ ఉద్యోగ ఇంటర్వ్యూల్లోనూ ఆ జాబితానే అడుగుతారు. ఉద్యోగంలో చేరాక చూస్తే, గణిత లైబ్రరీలు రాసే కొద్దిమందికి తప్ప సొంత క్లాసుకు + రాయవలసిన అవసరం ఏళ్ల తరబడి రాదు. తప్పించుకోలేని ఆపరేటర్లు వేరే ఉన్నాయి: ఒక ఆబ్జెక్టు విలువను మరొకదానిలో పెట్టే =, రెండు ఆబ్జెక్టులు సమానమా అని అడిగే ==, ఏది ముందు వస్తుందో చెప్పే <. వీటిని మనం నేరుగా వాడకపోయినా మన ఆబ్జెక్టులను దాచుకున్న కంటైనరో, వాటిని వరుసలో పెట్టే సార్టు ఫంక్షనో మన తరఫున పిలుస్తూనే ఉంటుంది.

ఈ వ్యాసంలో నేను వాదించదలచిన విషయం ఒక్కటే. = ను ఒకరు, == ను మరొకరు, ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టుగా రాసే పద్ధతి మానుకోవాలి. క = గ అని రాసిన మరుక్షణం క == గ నిజం కావాలి; ఆ తర్వాత క ను మార్చితే గ మారకూడదు. ఈ రెండూ కలిస్తేనే ఒక హామీ అవుతుంది. దానిని నిలబెట్టలేని క్లాసులో ఆ రెండు ఆపరేటర్లలో కనీసం ఒకదానిని తీసివేయడమే మేలు. ఆలోచన కొత్తదేమీ కాదు. సి++ భాషకు కంటైనర్లను, అల్గారిదమ్‌లను అందించిన అలెగ్జాండర్ స్టెపనోవ్, జేమ్స్ డెనర్ట్‌తో కలిసి 1998లో రాసిన పత్రంలో 'రెగ్యులర్' టైపులంటే ఏమిటో నిర్వచిస్తూ కాపీకీ సమానత్వానికీ ఉండవలసిన ఈ బంధాన్ని స్పష్టంగా చెప్పాడు. అదే పేరుతో ఒక కాన్సెప్టు, అంటే టైపు తీర్చవలసిన షరతుల జాబితా, సి++ 2020 ప్రమాణంలో భాషలోకి వచ్చింది. అయినా తరగతి గదిలో దీని ప్రస్తావన వినబడదు, కోడు సమీక్షల్లోనూ అరుదే.

ఎందుకు వినబడదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. సి భాషలో ఒక స్ట్రక్చరును మరొక స్ట్రక్చరులో = తో పెట్టవచ్చు, కానీ రెండు స్ట్రక్చర్లను == తో పోల్చడానికి కుదరదు. దీనికి గట్టి కారణమే ఉంది. స్ట్రక్చరులోని సభ్యుల మధ్య కంపైలరు ఖాళీ బైట్లు వదులుతుంది. వాటిలో ఏ చెత్త ఉంటుందో చెప్పలేము కాబట్టి మొత్తం జ్ఞాపకాన్ని బైటుకు బైటు పోల్చితే జవాబు తప్పవచ్చు. పైగా స్ట్రక్చరులో పాయింటరు, అంటే జ్ఞాపకంలోని ఒక చిరునామా, ఉంటే, పోల్చవలసినది చిరునామాలనా, ఆ చిరునామాల దగ్గర ఉన్న విలువలనా అన్నది కంపైలరు తేల్చగల విషయం కాదు. కాపీ చేసేటప్పుడు మాత్రం ఇదే ప్రశ్నను ఎవరూ అడగలేదు. పాయింటరు ఉంటే పాయింటరునే కాపీ చేసి ఊరుకున్నారు. ఒకే సందేహం రెండు చోట్లా ఉంటే, ఒకచోట భాష జాగ్రత్తపడి వెనక్కి తగ్గింది, రెండోచోట ధీమాగా ముందుకు వెళ్లింది.

బెల్ ల్యాబ్స్‌లో బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ 1979లో మొదలుపెట్టి 1985లో వాణిజ్యపరంగా విడుదలకు తెచ్చిన సి++, సి తో పొత్తు చెడకూడదన్న పట్టుదలతో ఈ అసమానతను అలాగే వారసత్వంగా తీసుకుంది. మనం ఒక్క అక్షరం రాయకపోయినా కంపైలరు ప్రతి క్లాసుకూ = ను తయారుచేసి ఇస్తుంది. == ను మాత్రం ముప్పై అయిదేళ్ల పాటు ఇవ్వలేదు; 2020 ప్రమాణంలో, అదీ మనం అడిగితేనే, ఇవ్వడం మొదలుపెట్టింది. ఫలితంగా ఒక తరం ప్రోగ్రామర్లకు = అంటే ఊరికే వచ్చేది, == అంటే అవసరమైనప్పుడు రాసుకునేది అన్న అలవాటు పడిపోయింది. ఊరికే వచ్చినదాని గురించి ఎవరూ ఆలోచించరు గదా.

ఊరికే వచ్చిన ఆ = ఎక్కడ దెబ్బతీస్తుందో పాఠ్యపుస్తకాలు చెబుతూనే ఉన్నాయి, అయితే సగమే చెబుతాయి. అక్షరాలను దాచుకునే ఒక క్లాసు ఉందనుకుందాం. అందులో ఒక పాయింటరు, ఒక పొడవు ఉన్నాయి. కంపైలరు ఇచ్చిన = పాయింటరును కాపీ చేస్తుంది, అక్షరాలను చేయదు. తాళంచెవికి నకలు చేయించుకున్నంత మాత్రాన మనకు రెండో ఇల్లు రాదు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే ఇంటి తాళం ఉంటుంది. ఒకరు లోపల సామాను సర్దితే రెండోవారికీ సర్దినట్టే, ఒకరు ఇల్లు కూల్చితే రెండోవారి చెవి దేనికీ పనికిరాదు. జ్ఞాపకాన్ని రెండుసార్లు విడుదల చేసి ప్రోగ్రాము కూలిపోవడం ఈ రెండో రకానికి చెందుతుంది. కూలిపోవడం నిజానికి అదృష్టం, ఎందుకంటే తప్పు ఉందని వెంటనే తెలుస్తుంది. మొదటి రకం, అంటే క ను మార్చితే గ కూడా నిశ్శబ్దంగా మారిపోవడం, నెలల తరబడి తప్పుడు లెక్కలు చూపిస్తూ బతుకుతుంది. అప్పుడు == ను పిలిచి చూసినా సమానమే అంటుంది, ఎందుకంటే రెండూ ఒకే చోటు చూపిస్తున్నాయి. అంటే హామీలోని మొదటి సగం నెరవేరుతుంది, రెండో సగం తప్పుతుంది. పోలిక పరీక్ష ఒక్కటే రాసి తృప్తిపడినవారికి ఈ లోపం కనబడదు.

దీనికి పరిష్కారంగా చెప్పే 'మూడింటి నియమం' అందరికీ తెలిసినదే: డిస్ట్రక్టరు (ఆబ్జెక్టు పోయేటప్పుడు శుభ్రం చేసేది), కాపీ కన్‌స్ట్రక్టరు (కాపీగా కొత్త ఆబ్జెక్టును తయారుచేసేది), కాపీ అసైన్‌మెంటు (=) అనే మూడింటిలో ఒకటి రాయవలసి వస్తే మిగతా రెండూ రాయాలి. 2011 ప్రమాణంలో మూవ్ (కాపీ చేయకుండా లోపలి భాగాలను ఒక ఆబ్జెక్టు నుంచి మరొకదానికి బదిలీ చేయడం) వచ్చాక ఇది అయిదింటి నియమమయింది. నియమం సరైనదే గానీ అందులో == కు చోటు లేకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది. కంపైలరు ఇచ్చిన = సరిపోదని మనం నిర్ణయించామంటే, ఆబ్జెక్టులోని ఏ భాగం అసలు విలువ, ఏ భాగం కేవలం ఏర్పాటు అన్నది మనం తేల్చుకున్నామన్నమాట. అలా తేల్చుకున్నదాన్నే == కూడా చెప్పాలి. ఆలోచన తాజాగా ఉన్నప్పుడే, అదే ఫైలులో, అదే మార్పులో రాయకపోతే మరో ఏడాదికి మరొకరు వచ్చి తమకు తోచిన సభ్యులను పోల్చి == రాస్తారు.

ఈ విషయంలో నాకు ఆదర్శంగా కనిపించేది సి++ వెక్టరు, అంటే అవసరాన్ని బట్టి పెరిగే పట్టిక. దానికి లోపల మూలకాలు ఉంటాయి, వాటి సంఖ్య ఉంటుంది, ముందుగా కేటాయించి ఉంచుకున్న జ్ఞాపకపు పరిమాణమూ ఉంటుంది. == మూలకాలనూ వాటి సంఖ్యనూ చూస్తుంది, కేటాయింపును అసలు పట్టించుకోదు. కాపీ చేసేటప్పుడు కూడా మూలకాలు రావడం ఖాయం, కేటాయింపు అంతే వస్తుందన్న హామీ లేదు. పోలిక వదిలేసిన భాగాన్నే కాపీ కూడా వదిలేయవచ్చునన్నది ఇక్కడి ఒప్పందం. రెండు ఆపరేటర్ల వెనుకా ఒకే నిర్ణయం ఉంది కాబట్టి వెక్టరు వాడేవారికి ఆశ్చర్యాలు ఎదురుకావు.

= ను చేత్తో రాయవలసి వస్తే పాటించవలసిన వివరాలు కొన్ని ఉన్నాయి. తనను తానే అసైన్ చేసుకునే సందర్భం వాటిలో మొదటిది. క = క అని ఎవరు రాస్తారని కొత్తవారు అడుగుతుంటారు. నేరుగా ఎవరూ రాయరు, కానీ ఒక పట్టికలోని రెండు స్థానాలను సూచించే సంఖ్యలు ఒకటే అయినప్పుడు అదే జరుగుతుంది. పాత జ్ఞాపకాన్ని ముందు విడుదల చేసి, ఆ తర్వాత కుడివైపు నుంచి కాపీ చేసుకునే కోడు అప్పుడు తాను విడుదల చేసినదాన్నే చదువుతుంది. రెండో వివరం, మధ్యలో ఎక్సెప్షను వచ్చే అవకాశం: పాతది పోయింది, కొత్తదానికి జ్ఞాపకం దొరకలేదు, ఆబ్జెక్టు రెంటికీ చెడింది. కాపీ చేసుకుని ఆపైన తారుమారు చేసే పద్ధతి ఈ రెండింటినీ ఒకేసారి తీరుస్తుంది. ముందుగా కుడివైపు ఆబ్జెక్టుకు తాత్కాలికమైన కాపీ తీసుకోవాలి, అది విజయవంతమైతే మన లోపలి భాగాలను దానితో మార్చుకోవాలి, పాత భాగాలు ఆ తాత్కాలికపు ఆబ్జెక్టుతో పాటే పోతాయి. కొంచెం అదనపు ఖర్చు ఉంటుంది. చాలా క్లాసులకు ఆ ఖర్చు లెక్కలోకి రాదు. చివరగా, = తన ఎడమవైపు ఆబ్జెక్టు సూచికనే (రిఫరెన్సునే) తిరిగి ఇవ్వడం ఆనవాయితీ. అందువల్లే మూలటైపులతో లాగానే గొలుసుగా అసైన్‌మెంట్లు రాయగలుగుతాము.

ఇంత చెప్పాక కూడా, = ను చేత్తో రాయకపోవడమే నా మొదటి సలహా. సభ్యులుగా ముడి పాయింటర్లు పెట్టుకోకుండా వెక్టరు, స్ట్రింగు వంటి, తమ సంగతి తామే చూసుకునే టైపులు పెట్టుకుంటే కంపైలరు ఇచ్చే = సరిగ్గానే పనిచేస్తుంది; 2020 తర్వాతి కంపైలరు అయితే == కూడా ఒక్క వరుసలో అడిగి తెచ్చుకోవచ్చు. రెండూ ఒకే సభ్యుల జాబితా నుంచి పుడతాయి కాబట్టి, ఆ సభ్యులు మాట నిలబెట్టుకునేవారైనంత కాలం, అవి ఒకదానితో ఒకటి విభేదించవు. సమీక్షకు వచ్చిన కోడులో చేత్తో రాసిన = కనబడితే నేను ముందుగా అడిగేది అది సరిగ్గా ఉందా అని కాదు, అది అసలు ఎందుకు ఉంది అని.

హామీని తెలిసితెలిసి ఉల్లంఘిస్తే ఏమవుతుందో చూపించే గొప్ప ఉదాహరణ సి++ ప్రామాణిక లైబ్రరీలోనే ఉండేది. 1998 ప్రమాణంలోని ఆటో పాయింటరు తాను పట్టుకున్న ఆబ్జెక్టుకు ఒక్కరే యజమాని అన్న సూత్రం మీద నడిచేది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ రోజుల్లో భాషలో మూవ్ లేదు కాబట్టి యాజమాన్య బదిలీకి = నే వాడుకున్నారు. క = గ అని రాస్తే క కు ఆస్తి వచ్చేది, గ ఖాళీ అయిపోయేది. కుడివైపు ఉన్నదాన్ని మార్చే అసైన్‌మెంటు! అసైన్‌మెంటు తర్వాత రెండింటిలోనూ ఒకే విలువ ఉండేది కాదు. ఇటువంటి పాయింటర్ల వరుసను సార్టు చేయబోతే, మధ్యలో ఒక మూలకాన్ని తాత్కాలికంగా పక్కకు కాపీ చేసుకునే ఏ అల్గారిదమైనా ఆ మూలకాన్ని తెలియకుండానే ఖాళీ చేసేది. అందుకే కంటైనర్లలో దీనిని పెట్టకుండా ఆపడానికి ప్రమాణకర్తలు నానా అవస్థలు పడ్డారు. 2011లో దీనిని వాడవద్దని ప్రకటించి, 2017లో పూర్తిగా తొలగించారు. దాని స్థానంలో వచ్చిన యునీక్ పాయింటరు కాపీని సూటిగా నిరాకరిస్తుంది. బదిలీ కావాలంటే మూవ్ అని పైకి చెప్పి మరీ చేయాలి. పోలిక మాత్రం దానికి ఉంది. కాపీ లేదు, పోలిక ఉంది: హామీకి భంగం లేదు, ఎందుకంటే ఇవ్వని మాటను తప్పే ప్రసక్తి ఉండదు.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. కాపీ ఉండి పోలిక లేని టైపులూ ఉన్నాయి కదా అని అడగవచ్చు. నిజమే. సి++ లోని ఫంక్షన్ రేపరును, అంటే ఏదో ఒక ఫంక్షనును పట్టుకుని ఉండే ఆబ్జెక్టును, కాపీ చేయవచ్చు, రెండు రేపర్లను == తో పోల్చలేము, ఎందుకంటే రెండు ఫంక్షన్లు ఒకే పని చేస్తాయా అన్నది సాధారణంగా ఏ యంత్రమూ తేల్చలేని ప్రశ్న. అక్కడ పోలికను ఇవ్వకపోవడం నిజాయితీ. ప్రతి క్లాసుకూ రెండూ ఉండి తీరాలని నేను అనడం లేదు. రెండూ ఉన్నచోట అవి ఒకే మాట మీద ఉండాలంటున్నాను.

అసలు సమానత్వం అంటే ఏమిటన్నది క్లాసును బట్టి మారుతుంది. రూపాయలను సూచించే క్లాసు ఒక విలువ: నా జేబులోని వంద, మీ జేబులోని వంద లెక్కకు సమానమే. బ్యాంకు ఖాతా క్లాసు అలా కాదు. ఇద్దరి ఖాతాల్లో ఒకే నిల్వ ఉన్నంత మాత్రాన అవి ఒకే ఖాతా కావు, ఒక ఖాతాకు కాపీ తీస్తే రెండో ఖాతా పుట్టదు. ఇటువంటి వ్యక్తిత్వమున్న క్లాసులకు = ను పూర్తిగా తొలగించడమే సరైన పని. == కావాలంటే ఖాతా సంఖ్యను మాత్రమే చూడాలి. పైథాన్‌లోని వెబ్ ఫ్రేమ్‌వర్కు జాంగోలో డేటాబేసు వరుసలను సూచించే మోడళ్లు ఇదే దారిలో నడుస్తాయి: ఒకే మోడలుకు చెందిన రెండు ఆబ్జెక్టుల ప్రైమరీ కీ (వరుసను గుర్తించే సంఖ్య వంటిది) ఒకటైతే సమానం, మిగతా ఫీల్డులు ఏమైనా సరే, ఇంకా కీ రాని కొత్త ఆబ్జెక్టు తనకు తాను మాత్రమే సమానం. ఈ విభజన చేసుకోకుండా కీబోర్డు ముందు కూర్చుంటే, కొన్ని ఫీల్డులను పోల్చి కొన్నింటిని వదిలేసే, ఎవరికీ అర్థం కాని == తయారవుతుంది.

వారసత్వం దగ్గరికి వచ్చేసరికి రెండు ఆపరేటర్లూ ఒకే చోట, ఒకే విధంగా విరుగుతాయి. అవి నిజంగా ఒకే ప్రశ్నకు రెండు ముఖాలని చెప్పడానికి నా దగ్గరున్న బలమైన ఆధారం ఇదే. టికెట్ అనే క్లాసులో ఎక్కవలసిన ఊరు, దిగవలసిన ఊరు, తేదీ ఉన్నాయనుకుందాం. దాని నుంచి వచ్చిన రిజర్వేషన్ టికెట్‌లో అదనంగా సీటు సంఖ్య ఉంది. టికెట్ సూచికల ద్వారా ఒక రిజర్వేషన్ టికెట్‌ను మరొకదానికి అసైన్ చేస్తే ఊళ్లూ తేదీ మారతాయి, సీటు పాతదే ఉండిపోతుంది. సగం విజయవాడ ప్రయాణికుడిది, సగం వరంగల్ ప్రయాణికుడిది అయిన టికెట్ పుడుతుంది. ఇప్పుడు అవే సూచికల ద్వారా == అడిగితే సమానమే అంటుంది, ఎందుకంటే అదీ పై భాగాన్నే చూస్తుంది. పోనీ రిజర్వేషన్ టికెట్ == లో సీటును కూడా చూద్దామంటే మరో చిక్కు వస్తుంది: మామూలు టికెట్ వైపు నుంచి అడిగితే సమానం, రిజర్వేషన్ వైపు నుంచి అడిగితే కాదు. పోనీ, ఎదుటిది మామూలు టికెట్ అయితే సీటును వదిలేద్దామంటే, 12వ సీటు టికెట్టూ 40వ సీటు టికెట్టూ రెండూ ఒకే మామూలు టికెట్‌కు సమానమవుతాయి, కానీ వాటిలో అవి సమానం కావు. ఈ చిక్కు నుంచి తెలివైన కోడుతో బయటపడే దారి నాకు తెలిసినంతలో లేదు. వారసత్వం ఉన్న తరగతుల్లో విలువ సమానత్వాన్ని వదులుకోవడం, లేదా వారసత్వాన్ని వదులుకుని సీటును ఒక సభ్యుడిగా పెట్టుకోవడం, ఈ రెండే మార్గాలు. నేను రెండోదాని పక్షం.

జావా ప్రామాణిక లైబ్రరీయే ఈ గోతిలో పడింది. అందులోని ఎస్‌క్యూఎల్ టైమ్‌స్టాంప్ క్లాసు పాత డేట్ క్లాసు నుంచి వచ్చింది. డేట్‌ను అడిగితే సమానమని, టైమ్‌స్టాంప్‌ను అడిగితే కాదని చెప్పే పరిస్థితి ఉందని దాని డాక్యుమెంటేషనే ఒప్పుకుంటుంది. ఆసక్తికరమైన విషయమేమిటంటే జావాలో మనం ఆపరేటర్లను ఓవర్‌లోడ్ చేయలేము. సి++ లో చాలామంది దుర్వినియోగం చేయడం చూశాననీ, అందుకే తన భాషలో దానికి చోటివ్వలేదనీ జేమ్స్ గాస్లింగ్ చెప్పాడు. ఆయన బాధ అర్థం చేసుకోదగినదే, కానీ గుర్తును నిషేధించినంత మాత్రాన ప్రశ్న పోలేదు. == చిరునామాలకు పరిమితమైంది, అసలు సమానత్వం ఈక్వల్స్ అనే మెథడులోకి మారింది, దాని వెంట హ్యాష్‌కోడ్ (ఆబ్జెక్టును పట్టికలో త్వరగా వెతకడానికి దాని విలువ నుంచి లెక్కగట్టే సంఖ్య) వచ్చింది, క్రమానికి కంపేర్‌టు వచ్చింది. సమానత్వానికి మూడు తలుపులు ఏర్పడ్డాయి. ఆబ్జెక్టులుగా పెట్టెలో చుట్టిన పూర్ణాంకాలను == తో పోల్చితే 127 వరకు నిజమని, 128 దగ్గర అబద్ధమని వచ్చే వింతకు కారణం −128 నుంచి 127 వరకు విలువలను భాష ముందే దాచి ఉంచి, మళ్లీ మళ్లీ అవే ఆబ్జెక్టులను ఇవ్వడం. బిగ్ డెసిమల్ క్లాసులో 2.0, 2.00 ఈక్వల్స్‌కు సమానం కావు, కంపేర్‌టుకు సమానమే. అందువల్ల ఆ రెండింటినీ ఈక్వల్స్‌ను నమ్మే హ్యాష్ సెట్‌లో వేస్తే రెండు మూలకాలు ఉంటాయి, కంపేర్‌టును నమ్మే ట్రీ సెట్‌లో వేస్తే ఒకటే ఉంటుంది. యూఆర్‌ఎల్ క్లాసు మరీ ఘోరం: రెండు చిరునామాలు సమానమా అని అడిగితే అది నెట్‌వర్కులోకి వెళ్లి హోస్టు పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చి చూస్తుంది. ఒకే సర్వరు మీద ఉన్న రెండు వేర్వేరు సైట్లు సమానమని తేలవచ్చు, నెట్‌వర్కు లేనప్పుడు జవాబు మారవచ్చు.

పైథాన్ వేరే దారి పట్టింది. అక్కడ పేరుకు = అంటే ఆ పేరును ఒక ఆబ్జెక్టుకు కట్టడం మాత్రమే, కాపీ ఏమీ జరగదు కాబట్టి దానిని ఓవర్‌లోడ్ చేసే అవకాశమే లేదు. == మాత్రం పూర్తిగా మన చేతుల్లో ఉంటుంది, అది నిజమో అబద్ధమో కాకుండా ఏదైనా తిరిగి ఇవ్వవచ్చు. గణనల లైబ్రరీ నంపైలో రెండు శ్రేణులను == తో పోల్చితే నిజాలూ అబద్ధాలూ నిండిన మరో శ్రేణి వస్తుంది; దానిని ఇఫ్ లో పెడితే ఏది ఉద్దేశించారో తేలలేదని లైబ్రరీ ఎర్రర్ ఇస్తుంది. గణన చేసేవారి సౌకర్యం కోసం ఈ మినహాయింపును నేను ఒప్పుకుంటాను, ఆ ఎర్రర్ ఉన్నంతవరకే. మరొక మంచి నిర్ణయం: పైథాన్ 3లో ఒక క్లాసుకు == రాసి హ్యాష్ రాయకపోతే భాష ఆ క్లాసు హ్యాష్‌ను తీసివేస్తుంది, అంటే ఆ ఆబ్జెక్టులు డిక్షనరీకి కీలుగా పనికిరావు. సగం మాట ఇచ్చినవారిని భాషే ఆపుతోంది. = కూ == కూ మధ్య సి++ అటువంటి కట్టడి పెట్టి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

తేలియాడే బిందు సంఖ్యల గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. 0.1 + 0.2 అన్నది 0.3 కు సమానం కాదని తెలియగానే చాలామంది తమ క్లాసు == లో 'దాదాపు సమానం' అన్న పోలికను పెడతారు. అప్పుడు క కు గ దగ్గర, గ కు చ దగ్గర, కానీ క కు చ దూరం అయ్యే స్థితి వస్తుంది. హ్యాష్ పట్టికలకు ఇది సరిపడదు. దాదాపు అన్నదానికి వేరే పేరుతో ఫంక్షను రాయాలి, డబ్బు అయితే పైసల్లో పూర్ణాంకంగా దాచాలి. 1985 నాటి ఐఇఇఇ 754 ప్రమాణంలోని 'సంఖ్య కాదు' అనే విలువ తనకు తానే సమానం కాదు; క = గ చేసిన మరుక్షణం క == గ అబద్ధమయ్యే ఒక్క విలువ కోసం సాధారణ సూత్రాన్ని ఎవరూ మార్చనక్కరలేదు. రస్ట్ భాష ఈ పనిని చక్కగా చేసింది. అందులో పాక్షిక సమానత్వం, పూర్తి సమానత్వం రెండు వేర్వేరు ట్రెయిట్‌లు, అంటే టైపు ఇచ్చే హామీలు. తేలియాడే బిందు సంఖ్యలకు మొదటిదే ఉంది కాబట్టి అవి హ్యాష్ మ్యాపుకు కీలు కాలేవు.

< విషయంలో పొరపాట్లు మరింత మొరటుగా బయటపడతాయి. సి++ సార్టుకు ఇచ్చే పోలికలో < బదులు <= రాస్తే, సమానమైన మూలకాలు ఎక్కువగా ఉన్న వరుసలో అల్గారిదం పట్టిక హద్దులు దాటి చదవవచ్చు, ఎందుకంటే ఏ మూలకమూ తనకంటే ముందు రాదన్న నమ్మకంతో అది హద్దుల తనిఖీని వదిలేసింది. జావా 7లో సార్టును మార్చాక, అంతకుముందు ఎలాగో నెట్టుకొచ్చిన తప్పుడు పోలికలు ఒప్పందం ఉల్లంఘించారంటూ ఎక్సెప్షన్లు విసరడం మొదలుపెట్టాయి. హెర్బ్ సటర్ 2017లో ప్రతిపాదించగా 2020 ప్రమాణంలో చేరిన <=> ఒక్క ఆపరేటరుతో నాలుగు క్రమ పోలికలనూ ఇస్తుంది, పైగా ఆ క్రమం బలమైనదా, బలహీనమైనదా, పాక్షికమా అన్నది టైపులోనే చెప్పిస్తుంది. మనం సొంతంగా <=> రాస్తే == దానంతట అది రాదు; పొడవు వేరైన రెండు స్ట్రింగులు సమానం కావని చెప్పడానికి అక్షరాలు చూడనక్కరలేదు కాబట్టి ఆ రెండింటినీ వేరుచేశారు. అదే ప్రమాణంలో కంపైలరు క == గ ను గ == క గా తిప్పి కూడా చూస్తుంది. ఎటువైపు నుంచి అడిగినా ఒకే జవాబు రావాలన్నది ఇక మర్యాద కాదు, భాష నమ్ముకున్న విషయం.

తెలుగు పాఠంతో పనిచేసేవారికి ఈ చర్చ పుస్తకాలకు పరిమితం కాదు. 1991 నాటి మొదటి యూనికోడులోనే తెలుగు ఉంది. అందులో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వమూ కిందికి చేరే గుర్తూ అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. 'కైలాసం' రెండు విధాలుగానూ తెర మీద ఒకేలా కనబడుతుంది, స్ట్రింగు == మాత్రం కాదంటుంది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండవచ్చు, లేకపోవచ్చు. ఒకే పాఠానికున్న వేర్వేరు సంకేత రూపాలను ఒకే రూపానికి తెచ్చే ప్రామాణిక నార్మలైజేషన్ మొదటి తేడాను తొలగిస్తుంది, ఈ రెండోదాన్ని తాకదు. క్రమం సంగతి మరొకటి: మనం దిద్దుకున్న వర్ణమాలలో ళ హల్లుల చివర హ తర్వాత వస్తుంది, యూనికోడులో ల పక్కనే ఉంది. కాబట్టి సంకేతాల వరుసను చూసే < 'కళ'ను 'కవి' కంటే ముందు పెడుతుంది.

ఇటువంటి పేర్ల కోసం క్లాసు రాసేటప్పుడు చాలామంది == లో రెండువైపులా నార్మలైజ్ చేసి పోల్చుతారు. అది పనిచేస్తుంది, కానీ ఆబ్జెక్టు లోపల రెండు రూపాలు మిగిలే ఉంటాయి. హ్యాష్ రాసేవారు, ఫైలులో దాచేవారు, < రాసేవారు అందరూ ఆ జాగ్రత్తను వేరువేరుగా గుర్తుంచుకోవాలి. ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడూ బయటి స్ట్రింగును అసైన్ చేసేటప్పుడూ ఒకే రూపానికి తెచ్చి దాచుకుంటే పోలిక మామూలు సభ్యుల పోలికగా మిగులుతుంది, కంపైలరు ఇచ్చే == సరిపోతుంది. నిఘంటువు క్రమానికి మాత్రం < ను వాడకుండా, ఏ వర్ణక్రమమో పేరులోనే చెప్పే వేరే పోలిక ఫంక్షను రాయడం నయం, ఎందుకంటే అది భాషకూ వాడేవారికీ సంబంధించిన ఎంపిక.

రెండు ఆపరేటర్లూ ఉన్న క్లాసు సమీక్షకు వచ్చినప్పుడు నేను కోరే పరీక్ష చిన్నది. గ ను క లో పెట్టు, సమానమని చూడు. క ను మార్చు, సమానం కాదని, గ పాతదే అని చూడు. సూచిక ద్వారా క ను క లోనే పెట్టి, ఏమీ మారలేదని చూడు. సమానమైన రెండింటి హ్యాష్ ఒకటేనా, == ను రెండు వైపుల నుంచీ అడిగితే ఒకే జవాబు వస్తోందా అన్నవి వీటికి చేర్చాలి. కొత్త సభ్యుడిని క్లాసులో చేర్చి == లో చేర్చడం మరిచిపోయినవారిని పట్టుకునేది రెండో మెట్టే, అందులోనూ మార్చేది ఆ కొత్త సభ్యుడినే అయితేనే.